మంచులో దారి చేసిన మంద

అలాస్కాలో విమానం దిగేసరికి మైనస్ నలభై. మొదటి శ్వాసకే ముక్కులో తడి గడ్డకట్టింది. రెండో శ్వాసకి దగ్గు తెర వచ్చింది. నన్ను తీసుకెళ్ళడానికి వచ్చిన డ్రైవర్ సెల్యూట్ చేసి, "వెల్‌కమ్, మేడమ్. నోరు మూసుకోండి, ముక్కుతో పీల్చండి," అన్నాడు. ఆఫీసర్‌ని నోరు మూసుకోమన్నానని వెంటనే గుర్తొచ్చినట్టుంది, నాలిక కరుచుకున్నాడు.

ఇది 1980ల మొదట్లో సంగతి. నేను అమెరికన్ సైన్యంలో నర్సుని. హోదా లెఫ్టినెంట్. గుంటూరులో నర్సింగ్ చదివాను. చికాగోలో కొన్నేళ్ళు ఆస్పత్రి డ్యూటీలు చేశాను. సిటిజన్‌షిప్ వచ్చాక సైన్యంలో చేరాను. శిక్షణ అయ్యాక పోస్టింగ్ ఎక్కడో ఫోన్ చేసి చెబితే, చికాగో పక్కనే అరోరాలో ఉన్న మా ఆయన, "అలాస్కానా? ఫ్రిజ్‌లోంచి తీసిన పెరుగు తింటేనే నీకు జలుబు చేస్తుంది కదే!" అన్నాడు.

ఉన్ని బనీను, దానిమీద ఉన్ని చొక్కా, దానిమీద దళసరి కోటు, అన్నిటి మీదా తలకి టోపీతో సహా కప్పే తెల్ల పార్కా. కాళ్ళకి గాలిపొర ఉన్న తెల్ల రబ్బరు బూట్లు. చేతితొడుగులు తాడుతో మెడలో వేలాడతాయి, చంటిపిల్లలకి కట్టినట్టు. మా సార్జెంట్ మొదటి రోజే ఆర్డర్లు చెప్పాడు. "చెమట పట్టనివ్వద్దు. ఇనుముని ఒట్టి చేత్తో ముట్టుకోవద్దు. ఎక్కడికీ ఒంటరిగా వెళ్ళొద్దు." సెలైన్ బ్యాగుల సంగతి మాత్రం నేనే కనిపెట్టుకున్నాను. బయట వదిలితే ఇటుకలై కూర్చునేవి. అందుకని వాటిని కోటులోపల, పొట్టకి ఆనించి మోసేదాన్ని.

మార్చిలో ఫీల్డ్ ఎక్సర్‌సైజు, అంటే బయట మకాం వేసి చేసే యుద్ధ సాధన. నది ఒడ్డున మైదానంలో డేరాలు వేశాం. డేరాకొక ఇనప పొయ్యి. చుట్టూ సన్నటి స్ప్రూస్ చెట్లు, అవతల కొండలు. ఆ మైదానంలో గాలి ఆగదు. మంచు పైనుంచి కురవకపోయినా నేలమీదినుంచే లేచి మొహాన కొడుతుంది.

ఒకరోజు మధ్యాహ్నం మంచుబండి ఒకటి గట్టు మీంచి పల్టీ కొట్టింది. కింద పడ్డవాడు మా మెకానిక్. ముప్పై దాటిన మనిషి, ఇద్దరు పిల్లల తండ్రి. ఎముకలు బాగానే ఉన్నాయి. కానీ పొట్ట ఎడమవైపు చెయ్యి వేస్తే గట్టిగా తగిలింది. నాడి పరుగెడుతోంది. బీపీ పడుతోంది. లోపల రక్తం పోతోందని అర్థమైంది. క్యాంపులో సర్జన్ లేడు. ఆస్పత్రి ముప్పై మైళ్ళ దూరం.

రేడియో ఆపరేటర్ హెలికాప్టర్ కోసం అడిగాడు. సెట్‌లోంచి గరగరమంటూ జవాబొచ్చింది.

"నెగెటివ్. ఈ గాలిలో ఎగరలేం."

"మరి రోడ్డు?"

"మీ రిస్క్."

అంబులెన్స్‌లో ముగ్గురం. ముందు సీట్లో నన్ను ఎయిర్‌పోర్టు నుంచి తెచ్చిన ఆ డ్రైవరే. వెనక స్ట్రెచర్ మీద మెకానిక్, పక్కన నేను. సగం దూరం బాగానే వెళ్ళాం. తర్వాత బండి ఆగిపోయింది.

"ఏమైంది?" అని అరిచాను.

"ముందు రోడ్డు లేదు, మేడమ్."

తొంగిచూశాను. గాలికి కొట్టుకొచ్చిన మంచు రోడ్డుకడ్డంగా గోడలా పేరుకుంది, నడుమెత్తున. డ్రైవర్ పార తీసుకుని దిగాడు. నాలుగు పారలు కూడా ఎత్తలేదు, పరుగెత్తుకొచ్చి తలుపు వేసుకున్నాడు.

"కదలకండి. బైసన్."

తెల్లటి పొగలాంటి మంచులోంచి ముందు తలలు కనిపించాయి. తర్వాత మూపులు. ఒక్కొక్కటి మా బండి ఎత్తుంది. మన గేదెని రెండింతలు చేసి, ముందుభాగమంతా గొంగళి కప్పితే ఎలా ఉంటుందో అలా ఉన్నాయి. బండికి రెండువైపులా నడుస్తున్నాయి. ఒకటి రాసుకుపోతే అంబులెన్స్ ఊయలలా ఊగింది. స్ట్రెచర్‌ని రెండు చేతులా పట్టుకున్నాను.

డ్రైవర్ చెయ్యి హారన్ మీదకి పోయింది.

"వద్దు!" అన్నాను. "బెదిరితే మనమీదే పడతాయి."

"అయితే వెనక్కి తిప్పమంటారా?"

మెకానిక్ మణికట్టు నా వేళ్ళ కింద ఉంది. నాడి దారంలా అందుతోంది. "నా పిల్లలకి..." అని ఏదో చెప్పబోయాడు. "నువ్వే చెప్పుకుందువు గాని," అన్నాను. వెనక్కి వెళితే డేరా ఉంది, పొయ్యి ఉంది, నేనున్నాను. అతనికి కావలసిన కత్తి లేదు.

"ఆగుదాం," అన్నాను.

మందకి ముందున్న ఆడ బైసన్ ఆ మంచుగోడ దగ్గర నిలబడింది. వాసన చూసింది. తల దించి, చేట చెరిగినట్టు మెడ అటూ ఇటూ విసిరింది. మంచు చెరోవైపుకి ఎగిరిపడింది. ఒక అడుగు లోపలికి. మళ్ళీ విసిరింది. ఇంకో అడుగు. దాని వెనక ఇంకొకటి దూరింది, దాని వెనక మరొకటి. కాసేపటికి గోడ మధ్యలో సందు పడింది. వందల డెక్కలు తొక్కి దాన్ని రోడ్డు చేశాయి.

డ్రైవర్ అద్దంలోంచి నావైపు చూశాడు.

"వాటి వెనకే పోనివ్వు. మెల్లగా," అన్నాను.

చిట్టచివర ఒక ముసలి మగది నడుస్తోంది. మా ఇంజన్ చప్పుడుకి ఆగి, వెనక్కి తిరిగింది. గడ్డం నిండా మంచుపూసలు. దాని ఊపిరికి అద్దం మసకబారింది. డ్రైవర్ స్టీరింగ్ వదిలేసి చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు. నేను గుంటూరు చర్చిలో నేర్చుకున్న ప్రార్థన తెలుగులోనే గొణుక్కున్నాను. ఆ ముసలిది ఇక మాతో పనిలేదన్నట్టు తల తిప్పుకుని నడిచింది. గోడ దాటాక మంద నదివైపు దిగిపోయింది. మా ముందు రోడ్డు నల్లగా, గాలి ఊడ్చిపెట్టినట్టుగా ఉంది.

ఆస్పత్రి వాకిట్లో సర్జన్ ఆశ్చర్యపోయాడు. "రోడ్డు మూసుకుపోయిందన్నారు. ఎలా వచ్చారు?"

"మాకు ఎస్కార్ట్ ఉంది, సార్," అన్నాడు డ్రైవర్.

ఆపరేషన్‌లో ప్లీహం తీసేశారు. మనిషి దక్కాడు. వారానికి లేచి కూర్చుని, ఆస్పత్రిలో పెట్టిన జెల్లీ బాగాలేదని నాతో పోట్లాడాడు. ఆ పోట్లాట ఎంత బాగుందో! బయటికి వచ్చి వరండాలో నిలబడి కళ్ళు తుడుచుకున్నాను.

అరోరాలో ఈ కథ చెబితే మా అమ్మాయి నమ్మలేనట్టు చూస్తుంది. "అమ్మా, సో యు సెడ్ థాంక్స్ టు ఎ బఫెలో?"

"మందకంతటికీ చెప్పానే."

"అవి విన్నాయా?"

"వినక్కర్లేదు. చెప్పాల్సింది నేను."

మరుసటి ఏడు మే నెలలో అలాస్కాలో నా డ్యూటీ ముగిసింది. ఎయిర్‌పోర్టుకి వెళుతుంటే రోడ్డు పక్క మైదానంలో మంద కనిపించింది. జీపు ఆపించి దిగి, మందకంతటికీ కలిపి థాంక్స్ చెప్పాను. మంచు కరిగింది గానీ గాలి అలాగే ఉంది. ఒక తల్లి ఒళ్ళంతా గాలికి అడ్డంపెట్టి నిలబడింది. దాని చాటున అప్పుడే పుట్టిన దూడ, ఇటుకరంగుది, కాళ్ళు వణుకుతూ పాలు తాగుతోంది. గాలికి తల్లి మూపు మీద బొచ్చు చెదిరిపోతోంది. దూడ ఒంటిమీద ఒక్క వెంట్రుక కూడా కదలడం లేదు.