కంటి ఫోటోలో ఎర్రచుక్కలు

ఆ రోజు పొద్దున్న మైక్రోస్కోప్‌లో నాకు ఏదీ సరిగ్గా కనపడలేదు. నేను భీమవరంలో ఒక ఆక్వా ల్యాబ్‌లో పనిచేస్తాను. రైతులు చెరువు నీళ్లు సీసాల్లో, రొయ్యల్ని కవర్లలో తెచ్చిస్తారు. జబ్బు ఉందో లేదో చూసి చెప్పడం నా పని. ఫోకస్ ఎంత తిప్పినా అంచులు అలుక్కుపోయినట్టే ఉన్నాయి. లెన్స్ రెండుసార్లు తుడిచాను. పక్కన పనిచేసే పద్మ వచ్చి చూసి, "బాగానే కనిపిస్తోంది కదే, నీకేమైంది?" అంది.

"నిద్ర చాల్లేదులే" అన్నాను గానీ, అనుమానం షుగర్ మీదికే పోయింది.

నాకు పన్నెండో ఏట నుంచి టైప్ 1 డయాబెటిస్. ఒంట్లో ఇన్సులిన్ తయారుచేసే కణాల్ని మన శరీరమే శత్రువులనుకుని చంపేసే జబ్బు ఇది. తీపి తినడం వల్ల వచ్చింది కాదు, మాత్రలతో పోయేదీ కాదు. రోజుకి నాలుగు ఇంజెక్షన్లు. అప్పటికి నాకు ఇరవై ఎనిమిదేళ్లు. పెళ్లికి ముందు అమ్మ ఏటా కంటి పరీక్షకి తీసుకెళ్లేది. పెళ్లయ్యాక నాలుగేళ్లు వెళ్లలేదు. ఎందుకంటే చెప్పడానికి పెద్ద కారణమేమీ లేదు. అన్నీ కనపడుతున్నాయి కదా అనుకున్నాను, అంతే.

సాయంత్రం కళ్లజోళ్ల షాపుకి వెళ్లాను. షాపాయన పెద్దాయన. సైట్ చూస్తూ, "షుగర్ ఉందా అమ్మా?" అని అడిగారు. ఉందండి అన్నాను. ఆయన అద్దాల పెట్టె మూసేశారు.

"ఇప్పుడు అద్దాలివ్వనమ్మా. షుగర్ పెరిగితే సైటు మారుతుంది, తగ్గితే మళ్లీ మారుతుంది. ముందు రెటీనా డాక్టర్‌కి చూపించుకో."

రాజమండ్రిలో అపాయింట్‌మెంట్ దొరికింది. కంట్లో డ్రాప్స్ వేస్తే కొన్ని గంటలు చూపు మసకగా ఉంటుంది, తోడు కావాలన్నారు. మా ఆయన ఐస్ ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్, చెరువుల్లో రొయ్యలు పట్టే రోజుల్లో సెలవు దొరకదు. అత్తయ్య గారు వచ్చారు. ఆవిడ్ని బయట కూర్చోబెట్టి నేనొక్కదాన్నే లోపలికి వెళ్లాను.

డాక్టర్ మేడమ్ కంప్యూటర్‌లో నా కంటి ఫోటో పెట్టారు. నారింజ రంగులో గుండ్రటి ఆకారం, దాంట్లో సన్నటి నాళాలు. అక్కడక్కడా సూదిమొనంత ఎర్రచుక్కలు.

"ఇవి మైక్రోఎన్యూరిజమ్స్. సన్నటి రక్తనాళాల గోడలు బలహీనపడి ఉబ్బిన చోట్లు. మైల్డ్ డయాబెటిక్ రెటినోపతీ, అంటే షుగర్ వల్ల కంటి లోపలి పొర కొద్దిగా దెబ్బతినడం, రెండు కళ్లలోనూ."

"చూపు పోతుందా మేడమ్?"

"ఈ దశలో కంటికి ట్రీట్‌మెంట్ ఏమీ అక్కర్లేదు. షుగర్, బీపీ కంట్రోల్‌లో పెట్టాలి. మీ మసక ఈ చుక్కల వల్ల వచ్చింది కాదు, షుగర్ బాగా ఎక్కువవడం వల్ల. ఆ మసక రాకపోతే మీరు వచ్చేవారే కాదు. పిల్లలున్నారా?"

"ఇంకా లేరండి."

"ప్లాన్ చేసే ముందు నాకు చెప్పండి. ప్రెగ్నెన్సీలో ఇవి పెరిగే అవకాశం ఉంది."

బయటికొచ్చి అత్తయ్య గారితో, "ఏవో చిన్న చుక్కలున్నాయట, భయం లేదన్నారు" అని మాత్రం చెప్పాను. పిల్లల మాట ఎత్తలేదు. ఆవిడ అప్పటికే ప్రతి నెలా మొహమాటపడుతూ, "ఏమ్మా, ఏమన్నా విశేషమా?" అని అడుగుతూ ఉండేవారు.

ఆ తర్వాత రోజూ లేవగానే ఒక కన్ను మూసి, ఎదురుగోడ మీది క్యాలెండర్ చదివేదాన్ని. తర్వాత రెండో కన్ను. ఒక్క అంకె తేడాగా అనిపించినా ఆ రోజంతా మనసు అక్కడే ఉండేది. అన్నం దాదాపు మానేశాను. షుగర్ డాక్టర్‌ని అడక్కుండానే ఇన్సులిన్ పెంచుకున్నాను. ఒకరోజు ల్యాబ్‌లో షుగర్ బాగా పడిపోయి, చేతులు వణికి, చెమటలు పట్టి స్టూలు మీంచి జారిపోబోతే పద్మ పట్టుకుని గ్లూకోజ్ తాగించింది. అయినా మానలేదు. మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ పదిన్నర నుంచి నాలుగు నెలల్లో ఆరున్నరకి దిగింది. ఆ రిపోర్టు కాగితం అందరికీ చూపించుకున్నాను.

ఆరు నెలలకి మళ్లీ రాజమండ్రి వెళ్లాం. ఈసారి గర్వంగా అత్తయ్య గారిని లోపలికి తీసుకెళ్లాను. మేడమ్ పాత ఫోటో, కొత్త ఫోటో పక్కపక్కన పెట్టారు. చుక్కలు పెరిగాయి. కొత్తగా దూది పింజల్లాంటి తెల్లమచ్చలు కూడా వచ్చాయి.

"మీరు చెప్పినట్టే తగ్గించాను కదా మేడమ్!" నాకు ఏడుపు ఆగలేదు.

ఆవిడ నా రిపోర్టులు తిరగేశారు. "ఇంత తొందరగా తగ్గించమని ఎవరన్నారు? ఏళ్ల తరబడి ఎక్కువగా ఉన్న షుగర్ ఒక్కసారిగా దిగితే, కొందరికి కళ్లు మొదట్లో ఇలా ముదురుతాయి. చాలామందికి మళ్లీ సర్దుకుంటుంది. కంట్రోల్ వదలొద్దు, కానీ మీ షుగర్ డాక్టర్ చెప్పిన డోసే వేసుకోండి. ఇకనుంచి మూడు నెలలకోసారి రండి. పిల్లల సంగతి మాత్రం ఇంకో ఏడాది ఆగండి. ప్రెగ్నెన్సీలో ఇవి పెరగొచ్చని పోయినసారి చెప్పాను కదా."

అత్తయ్య గారు నావైపు చూశారు. నేను తల దించుకున్నాను.

బస్సులో ఎండ సూదుల్లా కళ్లలోకి గుచ్చుకుంటోంది. ఆవిడ కిటికీ వైపు సీటులోకి మారి, పమిట చెంగు తీసి నా మొహానికి అడ్డంగా పట్టుకున్నారు. తణుకు దాటాక నావైపు తిరిగారు.

"ఈ మాట నాకు ముందే చెప్తే నెలనెలా అడిగి నిన్ను చంపుకు తినేదాన్నా?" అన్నారు.

"మీరు బాధపడతారని అత్తయ్య గారూ."

"ఇప్పుడు పడట్లేదా? పిల్లలు పుట్టినప్పుడు పుడతారు. నాకు మాత్రం ఏదీ దాచకు."

మర్నాటి నుంచి ఎంత అన్నం పెట్టాలో నన్నడిగి, కప్పుతో కొలిచి వడ్డించడం మొదలుపెట్టారు. షుగర్ డాక్టర్ డోసులు సరిచేశారు. మూడు నెలలకి వెళ్తే మచ్చలు అలాగే ఉన్నాయి. ఆ మూడు నెలలూ ఎలా గడిచాయో నాకే తెలుసు. ఆ పై నెలల్లో తెల్లమచ్చలు ఒక్కొక్కటే మాయమయ్యాయి. ఎర్రచుక్కలు కొన్ని మిగిలాయి. "స్టేబుల్" అన్నారు మేడమ్. నమ్మకం కుదరక మళ్లీ చెప్పించుకున్నాను.

ఏడాది దాటాక ఇద్దరు డాక్టర్లూ సరేనన్నారు. ఇప్పుడు నాకు అయిదో నెల. కంటి ఫోటోలు తీస్తూనే ఉన్నారు. పోయిన వారం తీసిన దాంట్లో మార్పు లేదు. మళ్లీ వెళ్లేసరికి ఏముంటుందో తెలియదు. ఫోటో తెర మీదికొచ్చి మేడమ్ నోరు విప్పేదాకా నేను ఇప్పటికీ ఆవిడ మొహం వైపే చూస్తూ ఉంటాను.

ఇది చదివేవాళ్లకి ఒక్కటే చెప్తాను. టైప్ 1 వచ్చి అయిదేళ్లు దాటితే, ఏటా ఫలానా నెల అని పెట్టుకుని, డ్రాప్స్ వేయించుకుని రెటీనా పరీక్ష చేయించుకోండి. చూపు మసకబారాక వెళ్దాంలే అని ఆగకండి. నేను పరీక్ష మానేసిన ఆ నాలుగేళ్లూ నాకు అన్నీ శుభ్రంగానే కనపడ్డాయి.