దియొలిందా నల్లబట్ట

గని తవ్వకముందు మా ఊళ్లో నలభై గడపలే ఉండేవి. ఇప్పుడు మునిసిపాలిటీ అయిందని పెద్దలు చంకలు గుద్దుకుంటున్నారు. ఊరు ఎలా పెరిగిందో మా పక్కింటి దియొలిందాను అడగాలి.

ఆమె మొదటి మొగుడు అబీలియో గనిలో రాతిదుమ్ము పీల్చి, దగ్గి దగ్గి ముప్ఫై ఆరేళ్లకే పోయాడు. మా ఆడవాళ్ల ఆచారం ప్రకారం దియొలిందా నల్లబట్ట కట్టింది. అబీలియో చోట పనికి కొండల అవతలి నుంచి కుస్తోదియో వచ్చాడు. అతన్ని చేసుకున్న రోజు నల్లబట్ట విప్పి పెట్టెలో పెట్టింది. ఆరేళ్లకు అతన్నీ అదే దగ్గు తీసుకుపోయింది. పెట్టె మళ్లీ తెరిచింది. గనిలో ఒకడు పోతే పనికి ఇద్దరు వచ్చేవారు. వచ్చినవాళ్లను లెక్కపెట్టి మాకు మునిసిపాలిటీ ఇచ్చారు.

మునిసిపాలిటీ ప్రారంభోత్సవం రోజున, పాత కాపురస్థుల ఫోటో కావాలంటూ గుమస్తా అర్మిందో ఆమె ఇంటికొచ్చాడు.

"దియొలిందమ్మా, ఊరంతా పండగ చేసుకుంటోంది. కుస్తోదియో పోయి ఏడేళ్లయిందిగా. ఇవాళైనా ఆ నలుపు తీసేసి ఎర్ర శాలువా కప్పుకోరాదూ?"

లోపలి గదిలో ఆమె కొడుకు జెఫెరీనో దగ్గాడు. గనిలో చేరి నాలుగేళ్లు. ఆ దగ్గు ఆగేదాకా ఆమె ఆ గది వైపే చూసింది.

"ఫోటో ఇలాగే తియ్యి నాయనా," అంది. "విప్పితే మళ్లీ కట్టుకునే ఓపిక నాకు లేదు."