కోర్టు హాల్లో మోగిన క్యాసెట్

1986 వేసవి మొదట్లో నన్ను ఒంగోలు నుంచి బదిలీ చేసి, చిలకలూరిపేటకు ఇవతల హైవే మీదున్న ఒక చిన్న పట్నంలో మేజిస్ట్రేటు కోర్టుకు అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటరుగా వేశారు. ఊరి పేరు రాయను. ఈ సంగతిలోని వాళ్లు కొందరు ఇంకా అక్కడే ఉన్నారు.

ఎ.పి.పి. అంటే ప్రభుత్వం తరఫు వకీలే గానీ, ఆ ఉద్యోగంలో సగం పని వాదన కాదు. పోలీసులు దర్యాప్తు ముగించి రాసిన చార్జిషీటు కోర్టులో వేయకముందు మా దగ్గరకు వస్తుంది. సాక్ష్యం చాలుతుందా, సెక్షన్లు సరిగ్గా పడ్డాయా అని చూసి అభిప్రాయం రాయాలి. ఎస్.ఐ. దాన్ని పాటించి తీరాలని లేదు. కాకపోతే, రేపు ఆ కేసు నడపాల్సింది మేమే.

నేను చేరిన కొత్తలోనే ఒక కాపీరైటు కేసు వచ్చింది. బస్టాండు దగ్గర సుబ్బారావనే ఆయనకు రికార్డింగ్ సెంటర్ ఉండేది. ఏయే పాటలు కావాలో చెప్పి ఖాళీ క్యాసెట్ ఇస్తే, సినిమా పాటలు ఎక్కించి ఇచ్చేవాడు. ఒక క్యాసెట్ల కంపెనీ ఫిర్యాదు మీద పోలీసులు ఆ షాపు సోదా చేశారు. చట్టం అప్పటికి కొత్తగా గట్టిపడింది. వారంటు లేకుండానే ఎస్.ఐ. సరుకు పట్టుకోవచ్చు. పట్టుకున్న వాటిలో ఒక అట్టపెట్టె నిండా విదేశీ క్యాసెట్లున్నాయి. లేబుళ్ల మీద ఊళ్ల పేర్లు, తేదీలు చేత్తో రాసి ఉన్నాయి. అవి సుబ్బారావువి కావు, మిషన్ హైస్కూల్లో ఇంగ్లిషు చెప్పే రత్నం మాస్టారివి. సొంత టేప్ రికార్డరు చెడిపోతే, అరిగిపోతున్న వాటికి నకళ్లు తీయించుకోవడానికి అక్కడ పెట్టారు. షాపుకు దొంగ సరుకు తెచ్చి ఇస్తున్నాడని ఎస్.ఐ. ఆయన్ని రెండో ముద్దాయిగా చేర్చాడు.

అమ్మకానికి ఇచ్చాడనడానికి సాక్ష్యమేమిటని అడిగాను. ఎస్.ఐ. చెడ్డవాడు కాదు, తొందర మనిషి. “ఫారిన్ స్టాంపులున్న కవర్లు దొరికాయి మేడమ్. ఇంకేం కావాలి?” అన్నాడు. కవర్లు నేరం కాదని చెప్పి, చార్జిషీటు వివరాల కోసం తిప్పి పంపాను. ఆయనకు అది నచ్చలేదు.

మాస్టారికి అది ఉద్యోగం సంగతి. చార్జిషీటులో పేరు పడితే సస్పెండ్ చేయక తప్పదని స్కూలు కరస్పాండెంటు ముందే చెప్పేశారట. ఒక ఉదయం ఆయన కోర్టు వరండాలో నా కోసం నిలబడ్డారు. నలభై దాటిన మనిషి, చేతిలో గొడుగు. ముద్దాయితో నేను విడిగా మాట్లాడకూడదు, వకీలు ద్వారా రమ్మన్నాను.

“కేసు గురించి కాదమ్మా,” అన్నారాయన. “ఆ పెట్టెను రేకుల గదిలో పెట్టారు. ఎండకు టేపు సాగిపోతుంది. కాస్త నీడపట్టున పెట్టించండి, చాలు.”

అది అడగడంలో తప్పులేదు. బెంచి క్లర్కుకు చెప్పి పెట్టెను రికార్డు గదిలోకి మార్పించాను. ఆలోగా కొన్ని పాడయ్యే ఉంటాయి.

పట్టుకున్న సరుకు తనదైతే తిరిగి ఇమ్మని మేజిస్ట్రేటును అడిగే హక్కు ఆ చట్టంలోనే ఉంది. మాస్టారి వకీలు గడువులోపు ఆ పిటిషన్ వేశాడు. విచారణ రోజు కంపెనీ ప్రతినిధి విజయవాడ నుంచి వచ్చి, ఆ క్యాసెట్లలో పాడిన ఇంగ్లిషు బృందం రికార్డును మన దేశంలో అమ్మే హక్కు తమదేననీ, ఈ పాటలు తమవేననీ చెప్పాడు.

మేజిస్ట్రేటుగారు పెద్దాయన, పద్యనాటకాలంటే ఇష్టం. మాస్టారిని దగ్గరకు పిలిచి, ఒకే పాటలు ఇన్ని క్యాసెట్లు ఎందుకని అడిగారు. మాస్టారు నెమ్మదిగా చెప్పారు. అవన్నీ ఆ రాక్ బృందం చేసిన ఒకే ఒక్క పర్యటనలోవి. ఊరూరా కచేరీకి వచ్చిన జనంలో ఎవరో ఒకరు టేప్ రికార్డరు దాచుకుని పట్టిన రికార్డింగులు. కంపెనీలు వేసినవి కావు. పత్రికలో కలం స్నేహాల పేజీ ద్వారా పరిచయమైన వాళ్లు పంపుతారు. బదులుగా తను ఇక్కడి నాటక పోటీల్లో పద్యాలు రికార్డు చేసి పంపుతారు. అమ్మడం, కొనడం లేవు.

“రికార్డులో పాట ఎప్పుడూ ఒకేలా ఉంటుందండి. వీటిల్లో ఆ పాడేవాడు ఆ రోజు ఎలా ఉన్నాడో తెలుస్తుంది,” అన్నారు.

మేజిస్ట్రేటుగారు రెండూ వినిపించమన్నారు. ముందు కంపెనీ రికార్డు నుంచి ఒక పాట వేశారు, శుభ్రంగా ఉంది. తర్వాత మాస్టారి క్యాసెట్లో అదే పాట. జనం గోల, ఎవరిదో దగ్గు, దూరంగా గిటారు. బయట పత్తి లారీల హారన్ల మధ్య సరిగా వినబడక అందరం ముందుకు వంగాం. సగంలో గాయకుడి గొంతు జీరబోయింది. మళ్లీ ఎత్తుకోబోయాడు, రాలేదు, ఆగిపోయాడు. వాద్యాలు మాత్రం సాగుతున్నాయి. కొంతసేపటికి జనంలోంచి ఒకరు, తర్వాత పదిమంది, ఆ తర్వాత అందరూ ఆ పాట అందుకున్నారు. టైపిస్టు చేతులు మిషను మీద ఊరికే పెట్టుకుని కూర్చున్నాడు. మాస్టారు మాత్రం తలవంచుకుని తన చేతులు చూసుకుంటున్నారు.

ఇది మీ కంపెనీ తయారుచేసిందేనా అని మేజిస్ట్రేటుగారు ప్రతినిధిని అడిగారు. ఆ కుర్రాడు అబద్ధం చెప్పలేదు.

“మాది కాదండి. మా రికార్డులో ఈ పాట ఆగదు.”

అప్పుడు నా అభిప్రాయం అడిగారు. ఎస్.ఐ. నా వెనకే నిలబడి ఉన్నాడు. ఉన్నదున్నట్టు చెప్పాను. పాట రాసినవాళ్ల హక్కు ఈ టేపుల్లోనూ ఉండొచ్చు, అనుమతి లేకుండా పట్టారన్నదీ నిజమే. అయితే ఆ హక్కుదారులెవరూ కోర్టు ముందు లేరు. ఫిర్యాదుదారు తనవి కావంటున్నాడు. అమ్మినట్టు సాక్ష్యం లేదు. తిరిగి ఇవ్వడానికి ప్రభుత్వానికి అభ్యంతరం లేదు.

పెట్టె తిరిగి ఇచ్చేశారు. సవరించి వచ్చిన చార్జిషీటులో సుబ్బారావు ఒక్కడే ముద్దాయి. అతను సినిమా పాటల సంగతి ఒప్పుకున్నాడు, శిక్ష పడింది. నేను ముద్దాయిల పక్షం వహిస్తున్నానని ఎస్.ఐ. పైకి రాశాడు. సంజాయిషీ అడిగారు, ఇచ్చాను. అక్కడితో సరిపోయింది. మాస్టారి ఉద్యోగం నిలిచింది. క్యాసెట్లు కొన్ని ఎండకు సాగిపోయాయని, వాటి కోసం మళ్లీ ఉత్తరాలు రాస్తున్నారని ఆయన వకీలు తర్వాత చెప్పాడు.

ఆ టేపుల్ని పోలీసులు కాగితం మీద ‘కంపెనీ లేబుల్ లేని విదేశీ క్యాసెట్లు’ అని రాశారు. అబద్ధం కాదు. అంతమాత్రాన వాటిలో ఏముందో ఆ మాటకు తెలియదు. ఆ తర్వాత రిటైరయ్యేదాకా, కేసులో పట్టుకున్న వస్తువును తెప్పించుకుని స్వయంగా చూడకుండా, వినేదైతే వినకుండా, ఏ చార్జిషీటు మీదా అభిప్రాయం రాయలేదు. దీనివల్ల నా దగ్గర ఫైళ్లు ఆలస్యమవుతాయని పేరు వచ్చింది. ఆ పేరు సరైనదే.