ముల్లంగి అనే కుక్క

నేను సాఫ్ట్‌వేర్ టెస్టర్ని. దయ్యం కనిపించిందని ఎవరైనా చెబితే, "ఎక్కడ, ఎన్ని గంటలకు, మళ్లీ అక్కడికే వెళ్తే మళ్లీ కనిపిస్తుందా?" అని అడిగి నోరు మూయించే రకం. మా అమ్మమ్మ దిష్టి తీస్తుంటే కిసుక్కున నవ్వి తిట్లు తిన్నదాన్ని. అలాంటి నేను ఇది రాస్తున్నానంటే నాకే సిగ్గుగా ఉంది. కానీ ఎవరికో ఒకరికి చెప్పకపోతే ఉండబట్టడం లేదు.

మ్యూనిక్‌లో మాది ఒకటిన్నర గది ఇల్లు, ఇంకాస్త పెద్దది ఏళ్లుగా వెతుకుతున్నాం, దొరకడం లేదు. ఆదివారం భోజనాలయ్యాక వంటింటి బల్ల చుట్టూ చేరి నలుగురం ఒక ఆట ఆడతాం. నేను, మా ఆయన మహేందర్, ఊరి శివార్లలో ఉంటర్‌ఫ్యోరింగ్‌లో ఉండే ప్రవీణ్, అతని భార్య సునీత. ఒకరు కథ చెబుతారు, మిగిలిన వాళ్లు ఆ కథలో తలా ఒక పాత్ర. ఎవరు ఏం చేయబోయినా, అది సాగుతుందో లేదో ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. కథ చెప్పేది నేను. తర్వాతి వారం కొట్లాటలు రాకుండా జరిగిందంతా నోట్‌బుక్‌లో రాసిపెడతాను, మొదలుపెట్టిన టైముతో సహా.

ప్రవీణ్‌ది అమలాపురం దగ్గర. ఆటలో అతను మహావీరుడు, నడుముకి పెద్ద కత్తి. ఆ కత్తిని ఒక్కనాడూ తీసిన పాపాన పోలేదు. ఎదురుగా ఎవరొచ్చినా "భోంచేశారా అండీ?" అని అడుగుతాడు. ఒకసారి మా వాళ్లను మింగడానికి వచ్చిన కొండచిలువనీ అలాగే అడిగాడు. పాచిక ఇరవై పడింది. ఇరవై పడితే ఎంత పిచ్చి పనైనా చెల్లుతుంది. చచ్చినట్టు ఆ కొండచిలువకి పులిహోర తినిపించి సాగనంపాను. మహేందర్ నవ్వి నవ్వి కుర్చీలోంచి జారి కిందపడ్డాడు.

ఈ మే నెలలో మాత్రం ప్రవీణ్ ముఖంలో నవ్వు లేదు. వాళ్ల కంపెనీ మార్చిలోనే అతని టీమ్‌ను మొత్తంగా తీసేసింది. ఉద్యోగం ఉంటేనే చెల్లే బ్లూ కార్డ్ వీసా మీద ఉన్నాడు. మూడు నెలల్లో ఇంకో ఉద్యోగం దొరక్కపోతే సామాన్లు సర్దుకోవాల్సిందే. అప్పటికే రెండు నెలలు దాటాయి. పనిలో దిట్ట, అందులో అనుమానం లేదు. కానీ ఇంటర్వ్యూలో జర్మన్‌లో ప్రశ్న పడగానే వచ్చిన జవాబు కూడా చెప్పలేక రెండు చోట్ల తల వంచుకుని లేచి వచ్చేశాడు. మొగుడు కాసేపైనా నవ్వుతాడని సునీత అతన్ని బలవంతంగా ఆటకి లాక్కొచ్చేది.

అలా ఒక ఆదివారం కథలో వాళ్లు ఒక కోట చేరారు. గేటు దగ్గర గదిలో, బల్ల వెనక, నెరిసిన గడ్డం కాపలాదారు కూర్చుని ఉన్నాడని చెప్పాను. మహేందర్‌కి ప్రతి వివరమూ కావాలి.

"బల్ల కింద ఏమున్నది?"

"కుక్క."

"ఎట్లుంటది?"

"నల్లగుంటది. ఎడమ చెవి సగం లేదు. చాలా?"

"పేరేంది?"

నాకు ఒళ్లు మండింది. వంటగట్టు మీద సాయంత్రం సాంబారుకని పెట్టిన ముల్లంగి కనిపించింది. "ముల్లంగి!" అన్నాను.

ముగ్గురూ పడీ పడీ నవ్వారు. ప్రవీణ్ అయితే కళ్లు తుడుచుకుంటూనే ఉన్నాడు. ఆ తర్వాత అలవాటు ప్రకారం కాపలాదారుని భోంచేశారా అని అడిగాడు. మళ్లీ ఇరవై. కాపలాదారు గేటు తీశాడు. ఇదంతా నా నోట్‌బుక్‌లో ఉంది. మొదలుపెట్టింది రెండున్నరకి. కుక్క పేరు పక్కన "నా ఖర్మ" అని కూడా రాసుకున్నాను.

బుధవారం ప్రవీణ్‌కి ఒక చిన్న కంపెనీ నుంచి ఇంటర్వ్యూకి పిలుపు వచ్చింది. శుక్రవారం మధ్యాహ్నం రమ్మన్నారు. గడువులోపల అతనికి మిగిలిన ఆశ అదొక్కటే.

శుక్రవారం నేను ఎస్-బాన్ లోకల్ రైల్లో ఉండగా ఫోన్ చేశాడు. మాటలు ఒకదానిమీద ఒకటి పడుతున్నాయి. అయ్యో, ఇది కూడా పోయిందా అనుకున్నాను.

"స్వప్నగారూ, బల్ల వెనక నెరిసిన గడ్డం ఆయనండి. బల్ల కింద నల్ల కుక్కండి. ఎడమ చెవి సగమే ఉందండి."

నేను నమ్మలేదు. ఆటపట్టిస్తున్నాడనుకున్నాను.

"దాని పేరేంటని అడిగానండి. రాడి అన్నారు. అంటే ఏంటండీ అంటే, ఈ బవేరియాలో తెల్ల ముల్లంగిని అలాగే అంటారంటండి!"

"ఏంటీ!" అని నేను అరిచిన అరుపుకి బోగీలో అందరూ తిరిగి చూశారు.

అది వినగానే ప్రవీణ్‌కి నవ్వు ఆగలేదట. నవ్వుతోపాటు భయమూ పోయిందట. ఏం మాట్లాడాలో తోచక, నోటికి అలవాటైన మాటే జర్మన్‌లో అడిగేశాడు: భోంచేశారా అని. ఆయన లేదన్నాడు. సొరుగులోంచి బ్రెట్జెల్ రొట్టె తీసి, సగం విరిచి ఇతనికి పెట్టాడు. తింటూ గంటసేపు మాట్లాడుకున్నారు. జర్మన్ దానంతటదే వచ్చిందంటాడు ప్రవీణ్. సోమవారానికల్లా ఉద్యోగం ఇచ్చినట్టు మెయిల్ వచ్చింది.

"దేవుడు చేసిన కార్యం, అక్కా," అని సునీత నన్ను పట్టుకుని ఏడ్చేసింది. నాకూ ఏడుపొచ్చింది. కానీ ఆ రోజు నుంచి నా బుర్రలో పురుగు తొలుస్తూనే ఉంది.

ప్రవీణ్ ఆ కుక్కని ముందే ఎక్కడైనా చూశాడా? చూసినా, పేరు చెప్పింది నేను కదా. నేను చూశానా? ఆ కంపెనీ పేరే నేను వినలేదు. వాళ్ల వెబ్‌సైట్ మొత్తం గాలించాను, యంత్రాల ఫొటోలు తప్ప తోక కూడా కనిపించలేదు. ప్రవీణ్, మహేందర్ కలిసి నన్ను ఆటపట్టిస్తున్నారా? మహేందర్ నా పుట్టినరోజు కేకునే దాచలేడు.

జూలైలో ఆ కంపెనీ వాళ్లు ఉద్యోగుల కుటుంబాలకీ స్నేహితులకీ విందు పెడితే మేమూ వెళ్లాం. ఆ కుక్క నేరుగా నా దగ్గరికొచ్చి నా పాదం మీద తల పెట్టి పడుకుంది. గడ్డం ఆయన్ని ఈ పేరెందుకు పెట్టారని అడిగాను. వీధికుక్కల ఆశ్రమం నుంచి ఒక శనివారం తెచ్చుకున్నాడట. అప్పటికి దానికి వేరే పేరుంది. మర్నాడు బీర్ గార్డెన్‌లో ఆయన ప్లేటులోంచి ముల్లంగి లాక్కుని తినేసిందట. అక్కడికక్కడే ఆ పేరు పెట్టాడట.

ఏ ఆదివారం అని అడిగాను. ఆయన ఫోన్ తీసి, నోట్లో ముల్లంగితో ఉన్న కుక్క ఫొటో చూపించాడు. మేం ఆ కోట కథ ఆడిన ఆదివారమే. మూడు గంటల పది నిమిషాలు. మా వాళ్లు కోట గేటు చేరేసరికి దాదాపు అంతే అయి ఉంటుంది.

ఆ పేరు ముందు ఆయన పెట్టాడో, నేను పెట్టానో నాకు తెలియదు. మహేందర్ ఉత్త కాకతాళీయం అంటాడు. సునీత ప్రార్థన అంటుంది. తెలియదని ఒప్పుకోవడం నా జన్మలో మొదటిసారి.

పోయిన ఆదివారం కథలో వాళ్లు ఒక పాత ఇంటి ముందు ఆగారు. కాకతాళీయం అన్న మహేందరే గొంతు తగ్గించి, "దానికి జర బాల్కనీ పెట్టరాదే. రెండు రూములు చెయ్యి. కిరాయి తక్కువని కూడా రాయి," అన్నాడు.

"సిగ్గులేదా నీకు?" అని తిట్టాను. అందరూ నవ్వారు.

వాళ్లు వెళ్లాక నోట్‌బుక్ తెరిచి, ఎవరూ చూడకుండా, చిన్న అక్షరాలతో రాశాను. బాల్కనీ. రెండు గదులు. ఎండ తగలాలి.