సిరాతో రాసిన నలభై ఒక్క చీటీలు

పోయినవి ముందు చెబుతాను. నలభై ఒక్క చీటీలు. వాటి మీద రాసి ఉన్న ఏడు తావులు, ఏడు లోతులు. వాటిని కూడబెట్టడానికి పట్టిన నాలుగేళ్ళు. ఇవి ఆరేళ్ళ కిందట నా చేతుల మీదుగా పోయాయి. గత మంగళవారం ఉదయం, బుద్వేల్‌లోని చెల్లెలి ఇంట్లో డాక్టర్ హైమావతి గారు కూడా పోయారు. వయసు డెబ్బై ఒకటి. ఫోన్‌లో ఆ మాట వినేసరికి కాటేదాన్‌లో నా కాంటా మీద లోడు లారీ నిలబడి ఉంది. ఇరవై ఏళ్ళుగా బరువులు చదివే పనిలో ఉన్నవాణ్ణి, ఎదురుగా వెలుగుతున్న అంకెను మూడుసార్లు చూసినా చదవలేకపోయాను.

ఆమె విశాఖ వైపు ఒక కళాశాలలో జంతుశాస్త్రం బోధించి పదవీ విరమణ చేశారు. పదేళ్ళ కిందట శంషాబాద్‌లో మా ఇంటి పైభాగం కిరాయికి అడగడానికి వచ్చి, గదుల సంగతి వదిలేసి, విమానాశ్రయం సరుకుల గేటుకు ఎన్ని నిమిషాల దారి అని అడిగారు. స్కూటర్ మీద పద్నాలుగు నిమిషాలు అన్నాను. "మంచు కరగదు. ఇల్లు చాలా బాగుంది" అన్నారు, ఇంకా లోపలికి అడుగు పెట్టకుండానే.

ఆ మంచు పెట్టెల్లో వచ్చేవి రొయ్యలు. కేరళ తీరానికి దూరంగా, వెలుతురు చేరని లోతుల్లో పడవలవాళ్ళకు దొరికే ఎర్ర రొయ్యలు. సంతలో అవన్నీ ఒకే కుప్ప. ఆ కుప్పలో రెండు జాతులున్నాయనీ, వాటిలో చిన్నదాన్ని ఇంతవరకూ ఎవరూ గుర్తించి నమోదు చేయలేదనీ హైమావతి గారి నమ్మకం. తల ముందుకు కత్తిలా సాగిన ముల్లుకు రంపంలా పళ్ళుంటాయి. చిన్నదానికి ముల్లు కింది అంచున పళ్ళు ఎక్కువ. అది ఇంకా లోతున మాత్రమే బతుకుతుందని ఆమె వాదం. ఆ వాదం నిలబడాలంటే ప్రతి రొయ్యకూ ఎక్కడ, ఎంత లోతున దొరికిందో తెలియాలి. అందుకే పడవవాళ్ళ చేత ఆ వివరాలు రాయించి తెప్పించుకునేవారు. పెట్టెలు తెచ్చే పని నాది.

గేటు దగ్గరి కుర్రాళ్ళకు నేనొక వినోదం.

"ఏందన్నా, విమానంల రొయ్యలు తెప్పిచ్చుకుంటున్నవ్? షాద్‌నగర్ మార్కెట్ల దొరకయా?"

"ఇవి తినేటివి గావు."

"మరి దేనికి?"

"లెక్కవెట్టెటందుకు."

"లెక్కవెట్టినంక?"

"మల్లొక్కసారి లెక్కవెడ్తం."

నిజంగా జరిగేది అదే. నా చదువు పదో తరగతితో ఆగింది. సగటులూ నిష్పత్తులూ పాత పుస్తకాలు కొనుక్కుని నేర్చుకున్నాను. ఆమె ఆ సంగతి తెలుసుకుని భూతద్దం కింద పళ్ళు లెక్కపెట్టడం నేర్పారు. పెట్టె విప్పగానే ముందు రంగు రాసుకునేవారు. స్పిరిట్‌లో పడిన రొయ్య ఎరుపు కొద్దిరోజుల్లో వెలిసిపోతుంది. ఆ తర్వాత ఒక్కొక్క రొయ్యకూ పెన్సిల్‌తో రాసిన చీటీ దారంతో కట్టి, రెండు పెద్ద సీసాల్లో స్పిరిట్‌లో ఉంచేవారు. "చీటీ ఉంటే అది సాక్ష్యం. చీటీ లేకపోతే కూరకు కూడా పనికిరాదు" అని నవ్వేవారు.

నాకు ఆ పెన్సిల్ రాత నచ్చేది కాదు. కాంటా దగ్గర పెన్సిల్‌తో బరువు రాసేవాడు దొంగ. చెరపడానికి వీలు లేకుండా రాసిందే లెక్క అని నా పట్టుదల. ఆమె పడవల కోసం పంతొమ్మిది రోజులు కేరళ వెళ్ళినప్పుడు, ఆశ్చర్యపరుద్దామని నలభై ఒక్క చీటీలనూ ముత్యాల్లాంటి అక్షరాలతో, నీలి సిరాతో తిరగరాశాను. పాతవి కాల్చేశాను. ఆమె తిరిగి రావడానికి ముందురోజు చూస్తే స్పిరిట్ నీలంగా ఉంది, చీటీలు తెల్లగా ఉన్నాయి. సిరా నీళ్ళకు ఆగుతుందని తెలుసు; స్పిరిట్‌కు ఆగదని తెలియదు. ఇంతవరకూ తెలియనితనం. ఆ పైన చేసింది తెలిసి చేసిందే. నీలి స్పిరిట్ నాలుగు లీటర్లూ పారబోసి, కొత్తది నింపి, ఆమె రాగానే "కాగితం పెన్సిల్‌ను పట్టలేదేమో మేడమ్" అన్నాను.

ఆమె నమ్మారు. నన్ను వెంటబెట్టుకుని కాగితం అమ్మిన జబ్బార్ భాయ్ దుకాణానికి వెళ్ళి, పదిమంది ముందు ఆయన్ని కడిగేశారు. నేను ఆమె పక్కనే నిలబడి కాలెండర్ చూస్తూ ఉన్నాను. పదకొండు రోజులు అలాగే గడిపాను. నా భార్య పద్మకు మాత్రం చెప్పాను. "గా ముసలాయన నీకేం జేసిండయ్యా? నువ్వు జెప్తవా, నన్ను జెప్పుమంటవా?" అని రోజూ అడిగేది. రేపు చెబుతానని రోజూ అనేవాణ్ణి.

పన్నెండో రోజు జబ్బార్ భాయ్ ఒక చిన్న సీసా పట్టుకుని మా మెట్లెక్కాడు. అదే కాగితం, దాని మీద పెన్సిల్‌తో తన పేరు, నిండా స్పిరిట్.

"మేడమ్‌జీ, ముప్పై ఏండ్ల దుకాణం నాది. వారం సంది దీన్ని నానవెట్టిన. చూడుర్రి, నా పేరు గట్లనే ఉంది. మరి మీ రాత ఎట్ల వోయిందో నాకు జర సమ్‌జాయించుర్రి."

ఆమె సీసాను వెలుతురుకు ఎత్తి చూశారు. తర్వాత నా వైపు చూశారు. లేచి నిలబడి ఆయనకు చేతులు జోడించారు. "కాగితం తప్పు లేదండి. తప్పు మా ఇంట్లో జరిగింది. రేపు మీ దుకాణానికి వచ్చి అందరి ముందూ చెబుతాను, క్షమించండి." అన్నమాట ప్రకారం మర్నాడు వెళ్ళి చెప్పారు. నా పేరు మాత్రం చెప్పలేదు.

జబ్బార్ భాయ్ దిగి వెళ్ళాక అడిగారు:

"పాత చీటీలున్నాయా?"

"కాలవెట్టిన మేడమ్."

"స్పిరిట్ కొత్తగా తేటగా ఉంది. ఎందుకు మార్చారు?"

"నీలం మీకు కనవడొద్దని."

"చీటీలు పోతే నేనొక్కదాన్నే ఏడ్చుకునేదాన్ని యాదగిరి గారూ. పెద్దమనిషిని నా చేత బజార్లో తిట్టించారే."

వారం రోజుల తర్వాత పైకి పిలిచి తన నోటు పుస్తకం ముందుంచారు. ఏ తావులో దొరికిన రొయ్య తలపెంకు ఎంత పొడవో, పళ్ళు ఎన్నో అందులో వరుసగా ఉన్నాయి. సీసాలోని రొయ్యను మళ్ళీ కొలిచి, ఆ కొలతలు ఏ వరుసకు సరిపోతాయో వెతకాలి. ఇద్దరం విడివిడిగా కొలవాలి. "మీ అంకె నాకు చెప్పకండి, నాది మీకు చెప్పను" అన్నారు. రెండు గడులు. రెండు అంకెలూ ఒకటై, ఒకే ఒక్క వరుసకు సరిపోతేనే కొత్త చీటీ, పెన్సిల్‌తో.

మొదటి ఏడాది పంతొమ్మిది తేలాయి. తర్వాత అయిదేళ్ళలో అయిదు. మిగిలినవి కవలల్లాంటివి, ఒక్కొక్కటీ రెండు మూడు వరుసలకు సరిపోతుంది. ఒకసారి నేను లెక్క వేసి, "నూటికి ఎనభై పాళ్ళు ఇదే మేడమ్" అన్నాను. "మిగిలిన ఇరవై పాళ్ళు ఎవరి లోతులో వేద్దాం?" అన్నారు. "తెలియదు అని రాయండి. అదీ లెక్కే."

తేలిన ఇరవై నాలుగింటితో వ్యాసం రాసి పంపారు. లోతుకు ఆధారాలు చాలవని తిరిగి వచ్చింది. అది న్యాయమే. పుస్తకం ప్రకారం లోతున దొరికినవి ఎక్కువగా తేలనివాటిలోనే ఉన్నాయి. అప్పటికి పడవ యజమాని మారాడు, పెట్టెలు రావడం ఆగిపోయింది. ఆమె నన్ను మళ్ళీ ఎన్నడూ నిందించలేదు. చూపు మందగించి చెల్లెలి ఇంటికి మారాక కూడా ప్రతి ఆదివారం భూతద్దం ముందు కూర్చునేవారు. తాను మొదటిసారి గుర్తుపట్టిన ప్రాణికి పేరు పెట్టకుండానే వెళ్ళిపోయారు. ఆమె జ్ఞానం ఎంతటిదో కొలిచే అర్హత నాకు లేదు. ఆమె నిజాయితీ ఎంతటిదో మాత్రం కొలవాల్సి వచ్చింది, నా తప్పును ఎదురు తూకంగా పెట్టి. ఆ మహనీయురాలికి చేతులు జోడించడానికి కూడా ఈ చేతులంటే సిగ్గేస్తున్నది.

దినాలు కాకముందే ఆమె చెల్లెలు పుస్తకమూ సీసాలూ నాకే అప్పగించారు. మొన్న ఆదివారం ఒక రొయ్యను తీసి కొలిచాను. తలపెంకు రెండుసార్లు, పళ్ళు మూడుసార్లు. నా గడిలో అంకె వేసి, అలవాటు కొద్దీ దాని మీద చెయ్యి అడ్డం పెట్టాను. రెండో గడి నింపేవారు లేరు. చీటీ కట్టకుండానే దాన్ని స్పిరిట్‌లో దించాను.

ఇంకా తేలవలసినవి పదిహేడు.