సుభద్ర మేడమ్ వెనక్కి తీసుకున్న పేపరు

వచ్చే నెల అబుదాబిలో జరగబోయే సదస్సు కోసం నిన్న హాలు చూడటానికి వెళ్లాను. వేదిక పక్కన కొత్త తెల్లబోర్డు పెట్టారు. రాస్తుందో లేదో చూద్దామని మార్కరు మూత తీశాను. ఆ ఘాటు వాసన తగలగానే ఫుజైరాలో ఒక ఖాళీ తరగతి గది, అందులో సుభద్ర మేడమ్ గుర్తుకొచ్చారు. కంప్యూటర్లు ఏం చేయగలవో, ఏం చేయలేవో కాగితం మీద నిరూపించే వాళ్ల సదస్సు ఇది. చాలా దేశాల నుంచి వస్తున్నారు. ఆవిడ మాత్రం రారు.

కరోనా వచ్చిన ఏడాది నేను ఈ దేశంలోనే, కొండల అవతలున్న ఫుజైరా ఊళ్లో ఒక చిన్న కాలేజీలో ల్యాబ్ చూసుకునేదాన్ని. మాది హన్మకొండ. మేడమ్‌ది కాకినాడ, ఒక్కరే ఉండేవారు. పాఠాలన్నీ ఆన్‌లైన్‌కి మారాక పిల్లలెవరూ కెమెరా పెట్టేవారు కాదు. ఒకరోజు ఆవిడ ల్యాబ్ గుమ్మంలో నిలబడి, "ఎదురుగా ఒక్క మొహమైనా లేకపోతే నాకు పాఠం రాదే అమ్మాయ్. వచ్చి కూర్చో" అన్నారు. మాస్కు పెట్టుకుని వెళ్లి వెనక బెంచీలో కూర్చున్నాను. మొదట్లో ఒక్క ముక్క అర్థం కాలేదు. కొన్నాళ్లకు ధైర్యం చేసి, "ఇంకా పెద్ద కంప్యూటర్ కొంటే అయిపోతది గదా మేడమ్?" అని అడిగాను. ఆవిడ నవ్వారు. "ఎంత పెద్దది కొన్నా కొన్ని పనులు త్వరగా అవవే. అవవని ఊరికే అంటే చాలదు, ఎందుకవవో చూపించాలి. నా బతుకంతా అదే పని." ఆ రోజు నుంచి పాఠం అయ్యాక కూడా ఇద్దరం బోర్డు దగ్గరే ఉండిపోయేవాళ్లం.

అలా పుట్టింది మా పరిశోధన పేపరు. ఆవిడ పేరు పక్కన నా పేరు కూడా పెట్టారు. యూరప్‌లో ఒక సదస్సు దాన్ని తీసుకుంది. కాలేజీ గుమ్మం దగ్గర మా ఫొటో పెట్టారు. మేడమ్ కాంట్రాక్టు పొడిగించే సమయం అది. నేను పీహెచ్‌డీ సీటుకు ఆ పేపరునే నమ్ముకుని ఉన్నాను. ఒక మధ్యాహ్నం ప్రసంగం సాధన చేస్తూ ఆవిడ మధ్యలో ఆగిపోయారు. బోర్డు మీద రాసిన ఒక వరస కేసి చూస్తూ, "ఇది ఎలా వచ్చింది?" అన్నారు. మేం రాసిందే అప్పజెప్పాను. "అది కాదే. నిజంగా ఎలా వచ్చింది?" నిరూపణలో ఆ ఒక్క మెట్టు కింద ఆధారమేమీ లేదు. దాన్ని నిలబెట్టాలని ఎన్ని దారులు పట్టినా కుదరలేదు.

కాలేజీ డైరెక్టరును అందరూ ముదీర్ అనేవారు. ఆయనది హైదరాబాదు. సంగతి విని, "అరే మేడమ్, వాళ్లే ఒప్పుకున్నరు, ఖలాస్. ఇప్పుడు కౌన్ దేఖేగా?" అన్నాడు.

"నేను చూశాను కదా సార్" అన్నారు మేడమ్.

బయటికి వచ్చాక వరండాలో నన్ను ఆపారు. "నీ పేరూ ఉంది దానిమీద. వెనక్కి తీసుకుందామా?"

"మీ ఇష్టం మేడమ్."

"నా ఇష్టం నాకు తెలుసు. నీకేమనిపిస్తోంది?"

నాకు ఏడుపు వచ్చింది. "పేపరు తప్పే గదా మేడమ్" అన్నాను. ఆవిడ నా భుజం మీద చెయ్యి వేశారు. ఆ సాయంత్రమే సదస్సు వాళ్లకు రాసేశారు.

కాంట్రాక్టు పొడిగించలేదు. కారణం ఎవరూ చెప్పలేదు, ఆవిడా అడగలేదు. వీసా రద్దయ్యాక నేనే కారులో దుబాయ్ విమానాశ్రయానికి తీసుకెళ్లాను. కొండల మధ్య రోడ్డు ఎక్కాం. ఉన్నట్టుండి ఆవిడ చున్నీ మొహానికి అడ్డం పెట్టుకుని పైకి ఏడ్చేశారు. "భయంగా ఉందే. ఈ వయసులో నన్ను పిలిచి పాఠం చెప్పమనేదెవరు?" అన్నారు. నేను ఏసీ కొంచెం తగ్గించాను, అంతే.

ఎవరూ పిలవలేదు కూడా. కాకినాడ నుంచి ఆవిడ ఫోను చేసేవారు. ఇద్దరం ఆ విరిగిన మెట్టు గురించే మాట్లాడుకునేవాళ్లం. ఏడాది తిరిగాక వేరే పరిశోధన చూపించి నేను అబుదాబిలో పీహెచ్‌డీ సీటు తెచ్చుకున్నాను. చెబితే చాలా సంతోషించారు. అప్పటికే ఊపిరితిత్తుల జబ్బుతో మాట మాటకీ ఆయాసపడుతున్నారు. చివరి ఫోనులో, "కుదిరిందా?" అని అడిగారు.

"లేదు మేడమ్."

"కుదరలేదనే రాయి. ఎక్కడ ఆగిపోయామో రాసిపెట్టు. ఎవరికో ఒకరికి పనికొస్తుంది."

ఆవిడ పోయిన కబురు నాకు రెండు వారాల తర్వాత తెలిసింది.

ఆ మెట్టు ఇప్పటికీ కుదరలేదు. ఆవిడ చెప్పినట్టే రాసి ఈ సదస్సుకు పంపాను. నిరూపణ లేని పేపరు అక్కర్లేదన్నారు. వచ్చేవాళ్లకు హాలు చూపించే బాధ్యత మాత్రం ఇచ్చారు. ఇప్పుడు నేనూ పాఠం చెబుతున్నాను. పిల్లలు అడిగినది నాకు తెలియకపోతే, "ఇది నాకు తెలియదు" అని పైకే అంటాను. ఆ మాట అనడం ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను. అన్న ప్రతిసారీ, ఆ కొండల రోడ్డు మీద ఆవిడ పడిన భయమే నన్నూ పట్టుకుంటుంది. అయినా అంటాను.