సముద్రపు మేడలో అత్తగారి పరుపు

మా పడుచుకాలంలో నల్లరేగడి ఊళ్ళ ఆడవాళ్ళు పొలిమేర దాటడానికి మూడే కారణాలు ఉండేవి: కాన్పు, చావు, మొక్కుబడి. ఊరికే గాలి పీల్చుకోవడానికి రైలెక్కి పోవడమన్నది జమీందార్లకూ, దగ్గు పట్టిన షావుకార్లకూ చెందిన సంగతి. గాలికి మాకు కొరత కూడా లేదు. కోవిల్‌పట్టి పక్కన మా ఊళ్ళో గాలుల నెల ఆడిమాసం వచ్చిందంటే గాలి దుమ్మును వెంటబెట్టుకుని ఇంట్లోకి వచ్చి గంజిలో కూర్చునేది. అలాంటిది మేము నలుగురం ఆడవాళ్ళం తూత్తుకుడిలో సముద్రానికి ఎదురుగా ఉన్న మేడ మీద నాలుగు రోజులు ఉండి వచ్చామంటే, అది నేను ఊరంతా తిరిగి చెప్పుకోవలసిన గొప్ప. చెప్పుకోలేదు. పైగా ఎవరైనా తూత్తుకుడి పేరెత్తితే పొయ్యి మీద ఏదో పొంగుతున్నట్టు లేచి వంటింట్లోకి పోయేదాన్ని. (పొయ్యి చాలాసార్లు ఆరిపోయే ఉండేది.)

మా నలుగురిలో ముందు పెళ్ళయింది బొమ్మికి. అది ముద్దుపేరు, బొమ్మలా కళ్ళు తిప్పేదని మేమే పెట్టాం. విరుదునగరంలో పత్తి, మిరపకాయల వ్యాపారం చేసే మన తెలుగువాళ్ళ ఇంటికే కోడలిగా వెళ్ళింది. ఆ ఇంట్లో సామాన్ల గది తాళంచెవి అత్తగారి నడుముకు ఉండేది. మూడేళ్ళు కాపురం చేసినా, చారెడు చింతపండు కావాలంటే బొమ్మి గిన్నె పట్టుకుని, ఆవిడ వచ్చి తలుపు తీసేదాకా ఆ గది ముందు నిలబడాలి. మా వైపు తాళంచెవి చేతికి వచ్చిన రోజే కోడలు ఇంటిమనిషి అయినట్టు. మెడలో తాళి పడటం వేరు, నడుమున తాళంచెవి పడటం వేరు.

ఆ అత్తగారికి నడుంనొప్పి. సముద్రపు గాలి మంచిదని ఎవరో వైద్యుడు చెప్తే, ఒడ్డునే ఉన్న పెద్ద మేడలో పై భాగం అద్దెకు తీసుకుని ఉంచారు. కింద ఒక కుటుంబం, పక్క భాగంలో ఇంకో కుటుంబం, అందరికీ ఒకటే మెట్లు. ఆ ఏడు పంట ఇంటికి చేరాక అత్తగారు బొమ్మిని పిలిచి, నీ స్నేహితురాళ్ళను తోడు తీసుకుని ముందు నువ్వు పోయి ఇల్లు దులిపి పెట్టు, నాలుగో రోజు నేను వస్తాను, అంతా నేను ఇచ్చినట్టే ఉంటే ఇక్కడి సామాన్ల గది తాళంచెవి కూడా నీకే అన్నారట. విరుదునగరం నుంచి వచ్చే రైల్లో బొమ్మి ఉంటే, కోవిల్‌పట్టిలో మేము ముగ్గురం ఎక్కాం: నేనూ, మా అన్న భార్య వదినా, అగ్గిపెట్టెల షెడ్డులో నా పక్కన కూర్చుని పెట్టెలు అంటించే చీమ. (మనిషి చిన్నది, ఎప్పుడూ ఏదో ఒకటి మూట కట్టుకుని మోసుకుపోతుండేది.) ఎక్కగానే బొమ్మి కొంగు ముడి విప్పి మేడ తాళంచెవి చూపించింది.

"చూడండే, మూడేండ్లకు ఇప్పుడు ఇచ్చింది. ఈ నాలుగు దినాలు బాగా జరిగిపోతే ఆ సామాన్ల గది సావి కూడా నాకే."

"అయితే మాకు బెల్లం దొంగతనంగా పెడతావా?" అంది చీమ.

"దొంగతనం ఎందుకే? నా గది, నా సావి. తలుపు తీసి పెట్టుకొనే పెడతాను."

ఆ మాట అన్నప్పుడు దాని ముఖం నాకు ఇప్పటికీ కనిపిస్తుంది. అందుకే చెబుతున్నాను, తర్వాత నేను చేసింది తెలియక చేసింది కాదు. ఆ తాళంచెవి దానికి ఏమిటో నాకు బాగా తెలుసు.

మేడ చేరాక మొదటి రెండు రోజులు మేము సముద్రానికి వీపు పెట్టి కూర్చున్నాం. చూస్తే తల తిరిగేది. వదినకైతే సముద్రం మీద కోపమే వచ్చింది. "ఇన్ని నీళ్ళు పెట్టుకొని ఒక్క చెంబు తాగేదానికి లేకపోతే ఏమి లాబం? మన ఊరి బావే మేలు" అని, కిటికీ మూసేసింది. మూడో రోజు పొద్దున నాకు చేసే పని లేక చెయ్యి దురద పుట్టింది. ఇల్లు అప్పటికే రెండుసార్లు దులిపాం. మంచం మీద అత్తగారి పరుపు ఉంది. చేత్తో నొక్కి చూశాను. ఉండలు కట్టి ఉంది.

"ఏమే బొమ్మీ, మీ అత్తమ్మ దీని మీదనా పండుకొనేది? రాళ్ళ మీద పండుకొన్నట్ల ఉండాది. నడుము నొయ్యకుండా ఏమి చేస్తాది?"

"దాన్ని ముట్టద్దే. వాళ్ళమ్మ పోయేదానికి ముందర కొండ కింద వత్రాపులో వాళ్ళ తోట పంజు ఏరించి, దగ్గిరుండి కుట్టించి ఇచ్చిన మెత్తె. అత్తమ్మ దాన్ని మనిషి మాదిరి చూసుకొంటాది." (మా మాటల్లో మెత్తె అంటే పరుపు; పంజు అంటే దూది, ఏ దూదైనా.)

"మనిషైతే ఎండ తగలొద్దా? విప్పి, ఎండేసి, బరికెతో నాలుగు కొట్టినామంటే పువ్వు మాదిరి అయిపోతాది. మీ అత్తమ్మ పండుకొని, లేచి, నీకు రెండు సావీలూ ఇస్తాది చూడు."

"నీకు చేత అవునా?" అంది చీమ.

"పత్తిలో పుట్టి పత్తిలో పెరిగినదాన్ని. నన్నా అడుగుతావు?"

బొమ్మి చాలాసేపు కళ్ళు తిప్పింది. "సరి. అయితే రేపు అత్తమ్మ వచ్చేస్తాది. ఒక పిడికెడు తక్కువైనా నా సావి పోయినట్లే, తెలుసుకో" అంది.

మా ఊళ్ళో ఏటా కోత అయ్యాక దిండ్లు విప్పి, దూదిని మిద్దె మీద ఎండబెట్టి, సన్నటి చింత బరికెతో కొట్టి, మళ్ళీ నింపి కుడతారు. ఆ పనిలో నాకు మంచి పేరు. ఆ పేరే నన్ను ముంచింది. కుట్టు విప్పగానే దూది తళతళా మెరిసింది. "ఇది మన పత్తి మాదిరి లేదే, జారిపోతా ఉండాది" అంది చీమ. "కొండకింది పత్తి అట్లనే ఉంటాది" అన్నాను. (వత్రాపు నేను అప్పటికి చూసి ఎరగను. కొండ కూడా దూరం నుంచే చూశాను.) అది పత్తి కాదు, బూరుగు దూది. పత్తికి పోగు ఉంటుంది, ఒకదాన్నొకటి పట్టుకుని కూర్చుంటుంది. బూరుగు దూదికి ఆ బంధుత్వం లేదు. అది కాక, సముద్రం ఒడ్డున పొద్దుటిపూట గాలి నిద్రపోతుందనీ, ఎండ ముదిరాక లేస్తుందనీ మాలాంటి మెట్ట ఊరివాళ్ళకు ఎవరు చెప్పారు? ఆకు కదలడం లేదని సంతోషపడి మిద్దె నిండా పరిచాను. నడుముకు కొంగు చుట్టి బరికె ఎత్తాను. పది దెబ్బలకు అది పరుపుకు నాలుగింతలు అయింది. "చూసినావా!" అన్నాను బొమ్మితో. ఆ మాట పూర్తి కాలేదు, సముద్రం వైపు నుంచి గాలి లేచింది.

దూది అంతా ఒక్కసారిగా నిలబడింది. నాకు అలాగే అనిపించింది, కూర్చున్న జనం పెద్దమనిషి రాగానే లేచి నిలబడినట్టు. తర్వాత వీధి వైపు బయలుదేరింది. కింద భాగం ఆవిడ వాకిట్లో ఆరబెట్టిన అప్పడాల మీద వాలింది. ఎదురు అరుగు మీద గడ్డం గీయించుకుంటున్న ఒక ముసలాయన ముఖం నిండా సబ్బు నురగ ఉంది. రెండు నిమిషాల్లో ఆయన తెల్లటి పొట్టేలు అయ్యాడు. మంగలి కత్తి పైకెత్తి ఎక్కడ గీయాలో తెలియక నిలబడ్డాడు. మేము వీధిలో పరుగెత్తి పట్టుకోబోతే, మా చేతి గాలికే అది ఇంకో అడుగు ముందుకు పోయేది. వదిన మిద్దె మీద మిగిలినదాన్ని కదలకుండా ఉంచుదామని బిందెడు నీళ్ళు కుమ్మరించింది. మధ్యాహ్నానికి మా దగ్గర మిగిలింది ఒక తడి ముద్ద, రెండు దిండ్లకు కూడా చాలదు. బొమ్మి ఏడవలేదు. ఖాళీ పరుపు గుడ్డను మడిచి, ఒడిలో పెట్టుకుని కూర్చుంది. అది ఏడ్చి ఉంటే నాకు నయంగా ఉండేది.

అక్కడితోనైనా ఊరుకున్నానా? ఒడ్డున గుట్టలుగా పడి ఎండిన సముద్రపు గడ్డి నా కంట పడింది. పీచులా మెత్తగా ఉంది. "గడ్డితో దిండు నింపుకొనేది లేదా మన ఊళ్ళో?" అని, చీమ చేత మూటలు మోయించి, పరుపు నింపి, సాయంత్రానికి కుట్టేశాను. కుట్టు మాత్రం చక్కగా వచ్చింది. దుప్పటి పరిచాక పరుపు పెళ్ళికూతురులా ఉంది. సముద్రపు గడ్డి ఎంత ఎండినా గాలిలో తేమ తాగి మళ్ళీ ప్రాణం పోసుకుంటుందని మర్నాడు తెలిసింది.

అత్తగారు మర్నాడు మధ్యాహ్నం బండి దిగారు. సన్నటి మనిషి, మెల్లగా మాట్లాడేవారు. ఇల్లంతా చూసి, నా వైపు తిరిగి, నా రెండు చేతులూ పట్టుకున్నారు.

"బొమ్మి చెప్పిన పిల్ల నువ్వేనా? పత్తి పనిలో ఊళ్ళోనే మొదటిదంట కదా. చూడు, పని చేసిన చేతులు. ఇట్లాంటి పిల్ల తోడుంటే మా కోడలికీ పొందిక వస్తాది."

నన్ను అంతవరకు ఎవరూ అలా మెచ్చుకోలేదు. నిజం చెప్పాలంటే పరుపు సంగతి కాసేపు మరిచిపోయాను. ఆవిడ వెళ్ళి పడుకున్నారు. పరుపు కరకరమంది. లేచి కూర్చున్నారు. గాలి పీల్చారు.

"ఏమమ్మా ఇది? మెత్తెలో చేపల సంత పెట్టినారా?"

ఆవిడ వేలితో కుట్టు తెంపారు. ఒడి నిండా నల్లగడ్డి, దాంతో పాటు ఒక చిన్న ఎండ్రకాయ డొప్ప పడ్డాయి. వదినకు నవ్వు వచ్చి కొంగు నోట్లో కుక్కుకుంది. అత్తగారు ఆ గడ్డిని అటూ ఇటూ జరిపి, లోపల చెయ్యి పెట్టి వెతికారు.

"దీంట్లో మా అమ్మ పంజు ఉండె. యాడ?" అన్నారు. తర్వాత, "ఎవరు విప్పినారు?"

నవ్వు ఆగిపోయింది. వదిన గోరు నా నడుములో దిగింది. మాట నా నాలుక మీదే ఉంది, 'నేను' అన్న ఒక్క మాట. ఆవిడ అంతకుముందే పట్టుకున్న నా చేతులు ఇంకా వెచ్చగా ఉన్నాయి. ఆ మెప్పు పోగొట్టుకోవడం ఇష్టం లేక, ఆ డొప్పను చూస్తూ నిలబడ్డాను.

"నేనే అత్తమ్మా" అంది బొమ్మి. "గట్టిపడిందని విప్పినాను. గాలికి పోయింది."

ఆవిడ తిట్టలేదు. చెయ్యి చాపారు. బొమ్మి కొంగు ముడి విప్పి తాళంచెవి ఆ చేతిలో పెట్టింది.

మమ్మల్ని పంపడానికి బొమ్మి మెట్ల కిందిదాకా వచ్చింది. వదిన ఆగలేక నా మీద పడింది. "నోరు లేదా నీకు? నిన్నంతా చిలక మాదిరి వాగినావే!"

"వదలు వదినె. దీని పేరు చెప్పింటే మన ఊరోళ్ళను మళ్ళీ గడప తొక్కనియ్యదు. నేను ఇంటి కోడల్ని, నన్ను యాడికి తరుముతాది?" అంది బొమ్మి.

అప్పుడైనా నేను దాని చెయ్యి పట్టుకోవాలి కదా. నేను అన్నదేమిటో తెలుసా? "గడ్డి ఇంకో దినం ఎండింటే వాసన వచ్చేది కాదే." (ఇది రాస్తుంటే నాకు మూడు సార్లు కలం ఆగింది.)

తర్వాత ఎనిమిదేళ్ళు బొమ్మి ఆ సామాన్ల గది ముందు గిన్నె పట్టుకుని నిలబడింది. ఒకసారి దాని బిడ్డను ఉయ్యాలలో వేసే వేడుకకు, ఈసారి అత్తగారితో చెప్పేస్తానని గట్టిగా అనుకుని విరుదునగరం వెళ్ళాను. ఆవిడే స్వయంగా పాయసం వడ్డించారు. రెండుసార్లు పోయించుకుని తాగి వచ్చాను. చివరికి ఆవిడ పోయిన రోజున, ఇంట్లోవాళ్ళు ఆవిడ నడుము నుంచి తీసి ఆ తాళంచెవి బొమ్మికి ఇచ్చారు.

నాకు అక్షరాలు అరవై దాటాక వచ్చాయి. మనవరాలి దగ్గర ముందు అరవం, ఆ తర్వాత తెలుగు నేర్చుకున్నాను. అరవ అక్షరాలు కుదురుకోగానే రాసిన మొదటి జాబు బొమ్మికే. మాటలు మన ఇంటివి, అక్షరాలు అరవవి. మెత్తె విప్పింది నేను, నోరు మూసుకుంది నేను, నన్ను మన్నించు అని. మూడు సాయంత్రాలు పట్టింది. నెల దాటినా జవాబు లేదు. బొమ్మికి చదువు రాదు కదా, ఎవరైనా చదివి వినిపించారో లేదో అని నేనే రైలెక్కి వెళ్ళాను. నన్ను గడపలో చూడగానే అది లోపలికి కేకేసింది.

"రండి పిల్లలూ, నా కత దొంగలించిన మనిషి వచ్చింది!"

నాకు అర్థం కాలేదు. బొమ్మి చాప వేసి కూర్చోబెట్టి, గొంతు తగ్గించి చెప్పింది. "నలబై ఏండ్లుగా ఆ మెత్తె నేనే విప్పినానని ఈ ఇంట్లో అందరికీ చెప్తా ఉండాను. గడ్డం గీయించుకొనే ముసలాయన ఎట్ల పొట్టేలైనాడో, ఎండ్రకాయ డొప్ప ఎట్ల పడిందో, నేను ఎట్ల దైర్యంగా ఒప్పుకొన్నానో ఆడి చూపిస్తాను. పిల్లలు పొట్ట పట్టుకొని నవ్వుతారు. ఇప్పుడు నీ జాబును నా మనవరాలు నడింటి కూటంలో నిలబడి గట్టిగా చదివింది. 'అవ్వా, నువ్వు విప్పలేదంట కదా' అని ఒకటే ఎగతాళి."

"తప్పు ఒప్పుకొందామని రాసినానే" అన్నాను.

"ఒప్పుకొనేదైతే ఆ పొద్దే ఒప్పుకోవాల. ఎనిమిదేండ్లు తలుపు ముందర నిలబడి ఆ కత నాది చేసుకొన్నాను. ఇప్పుడు వచ్చి నాది అంటే ఇచ్చేస్తానా?"

అంతలో బొమ్మి మనవరాలు ఆ జాబు పట్టుకుని నా ముందుకు వచ్చింది. "అవ్వా, నిజం చెప్పు. ఎవరు విప్పినారు?"

బొమ్మి నా వైపు చూడలేదు. గోడ వైపు చూసింది. "మీ అవ్వే విప్పింది తల్లీ" అన్నాను. "నాకు వయసైపోయింది, మతి తప్పి ఏదో రాసినాను." పిల్ల నమ్మింది, నన్ను జాలిగా చూసింది. బొమ్మి లేచి, సామాన్ల గది తలుపు బార్లా తీసి, ఇంత బెల్లం ముక్క తెచ్చి నా చేతిలో పెట్టింది. అప్పుడు మేమిద్దరం ఎందుకు నవ్వామో పిల్లలకు తెలియలేదు.

ఇప్పుడు ఇదంతా తెలుగులో మళ్ళీ రాస్తున్నానంటే, ఆ ఇంట్లో తెలుగు అక్షరాలు చదవగలిగేవాళ్ళు ఒక్కరూ లేరన్న ధైర్యంతోనే. ఇదీ ఒక ధైర్యమేనా అని మీరు అడిగితే, కొంచెం నవ్వి, తల వంచుకుని, పొయ్యి చూసి వస్తానని లేచిపోతాను.